యుద్ధాన్ని పోలిన ఆట – డాక్యుమెంటరీ చిత్రణ

కల్పిత కథ లేకుండా, జరిగిన దానిని ఆధారంగా చేసుకొని నిర్మించే చలనచిత్రాన్ని డాక్యుమెంటరీ అంటాము. పెద్ద నిర్మాణ సంస్థల పెట్టుబడి గాని, ప్రభుత్వ శాఖల ఆదేశం గాని లేకుండా కొద్దిమంది తమ పూనికతో తీసేది స్వతంత్ర డాక్యుమెంటరీ. సెల్‌ఫోన్‌లోనే కెమెరా ఉన్న ఈ రోజుల్లో ఇది విద్యార్థులకు అందని పని కాదు. అయితే పనిముట్టు చేతికి వచ్చినంత మాత్రాన పని తెలిసినట్లు కాదు. యుద్ధాన్ని పోలిన ఆటను చిత్రించేటప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది.

అమెరికాలో 1981లో 12 మంది మిత్రులు అడవిలో రంగు గుళ్ల తుపాకులతో ఒక ఆట ఆడారు. చెట్లకు, పశువులకు గుర్తు వేయడానికి తయారైన ఆ తుపాకులే పెయింట్‌బాల్ క్రీడకు ఆయుధాలైనాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరాన జరిగిన పోరాటాన్ని ఓక్లహోమా రాష్ట్రంలో 1997 నుండి కొన్నేళ్లపాటు వేలాది మంది ఈ రంగు గుళ్లతో తిరిగి ఆడారు. దానిపై ‘సోల్జర్స్ ఆఫ్ పెయింట్’ అనే స్వతంత్ర డాక్యుమెంటరీ వచ్చింది.

ఇటువంటి వస్తువు కోసం మనం సముద్రాలు దాటనక్కరలేదు. మన కమ్మర్‌పల్లి మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి ఆర్మూరు, నిజామాబాదు దాటి బోధన్ చేరుతుంది. ఆ బోధన్ ప్రాంతంలోని హున్సా గ్రామంలో ఏటా హోలీ నాటి సాయంకాలం పిడిగుద్దులాట జరుగుతుంది. ముందు కుస్తీ పోటీలు. పిదప జనం రెండు జట్లుగా విడిపోయి, నడుమ కట్టిన తాడుకు ఇరువైపులా నిలిచి పిడికిళ్లతో గుద్దుకుంటారు. సుమారు అరగంటకు ఆట ఆగుతుంది. అంతవరకు కొట్టుకున్నవారే ఒకరినొకరు కౌగిలించుకుంటారు. ఈ ఆచారం మానితే ఊరికి కీడు కలుగుతుందని అక్కడివారి విశ్వాసం. పోలీసులు అనుమతి నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ అరగంటలో పది సెకన్లు మాత్రం కత్తిరించి చూపితే చూపరికి కనబడేది కొట్లాట. దానికి ఒక అబద్ధపు వ్యాఖ్య తోడైతే, ఆడుకున్నవారు ఆజన్మ శత్రువులుగా మారిపోతారు. కౌగిలింత ఒక్కటే చూపి గాయాలను దాచినా అది అసత్యమే.

కాబట్టి చిత్రీకరణ హోలీ నాడు మొదలు కారాదు. కొన్ని వారాల ముందే వెళ్లి పెద్దలతో, ఆడేవారితో, ఆట వద్దనేవారితో, ఇంటి ఆడవారితో మాట్లాడాలి. వారి సమ్మతి పొందాలి. ఆట నాడు ఒక కెమెరా మేడపై నుండి జనాన్నంతటినీ, మరొకటి తాడు దగ్గరి ముఖాలను చిత్రించాలి. తప్పిపోయిన దెబ్బను మరల కొట్టమని అడగరాదు. మరునాడు వాచిన చేతులతో పనికి పోయేవారినీ చూపాలి. బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ధ్రువపత్రం అవసరం.

నిజమైన కల్లోలాన్ని చిత్రించిన వారి నుండి కూడా మనం నేర్చుకోవాలి. 1984 నాటి హైదరాబాదు అల్లర్లపై దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. ఈ నగరానికి ఏమైందని అడిగే ఆ పేరు, దెబ్బలను లెక్కపెట్టడంతో తృప్తిపడక, వాటి వెనుకనున్న కారణాలను వెదకమంటుంది.

పసుపు కొనేవాడు పైరంగు చూసి ధర కట్టడు. కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. మన ప్రాంతపు విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం అక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు ప్రోత్సహిస్తే, తెలుగు, ఉర్దూ వ్యాఖ్యానాలతో అటువంటి ఒక చిన్న చిత్రాన్ని మన విద్యార్థులే నిర్మించగలరని మా నమ్మకం. ఇద్దరు కొట్టుకున్నట్లు కనబడిన ప్రతిచోటా వైరమే ఉన్నదని నమ్మేముందు, ఆ తరువాత ఏమి జరిగిందని అడిగే అలవాటు ఆ పని వల్ల మనకు అబ్బుతుంది.