ఫోన్లో మొదటి మాట మార్కులది కాకూడదు

చాలా ఇంటర్ హాస్టళ్లలో పిల్లలకు సొంత ఫోన్ ఉండదు. ఆదివారం వార్డెన్ ఫోన్ దగ్గర వరుసలో నిలబడి, తమ వంతు రాగానే నాలుగు మాటలు మాట్లాడి పక్కకు జరగాలి. ఆ నాలుగు మాటల్లో అమ్మానాన్నలు ముందుగా అడిగేదేమిటి? "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" అవతలి వైపు నుంచి "ఊఁ... ఆఁ... సరే." దాన్ని పొగరు అనుకోకండి. వెనక తోటివాళ్లు, పక్కన వార్డెన్ వింటుంటే ఏ పిల్లాడైనా మనసులో మాట ఎలా చెబుతాడు?

అందుకే అవును, కాదు అంటే సరిపోయేలా అడగండి. "నిద్ర పడుతోందా? ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? నన్ను రమ్మంటావా?" ఇంకా మంచిది, హాస్టల్లో దింపేముందే ఒక గుర్తు మాట అనుకోండి. "అమ్మా, ఉసిరికాయ పచ్చడి పంపు" అంటే "వెంటనే రా" అని అర్థం. ఆ మాట వినబడితే కారణం అడక్కుండా బయల్దేరండి. ఒక్కసారి వెళ్లకపోయినా ఆ మాటకు విలువ పోతుంది.

చేతిలో ఫోన్ ఉన్న పిల్లల సంగతి వేరు. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. వెంటనే వరసబెట్టి కాల్స్ చేయకండి, అది ప్రేమలా అనిపించదు, పహారాలా అనిపిస్తుంది. పెరట్లో పూసిన మందారం ఫొటో పంపండి, తాతయ్య చెప్పిన కబురు వాయిస్ మెసేజ్‌లో పెట్టండి, ఏమీ అడక్కండి. ప్రశ్న లేని మెసేజ్‌కే పిల్లలు మనసు విప్పుతారు. మేనత్తలూ బాబాయిలూ ఉన్న ఫ్యామిలీ గ్రూపులో మాత్రం మార్కుల ఊసు, మందలింపు అసలే వద్దు.

పిల్లలు రాత్రి బస్సులో వస్తుంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమని ఎదుటే అడగండి. 8 గంటల దాకా పెట్టుకోవచ్చు, ఇల్లు చేరాక ఆపేయొచ్చు. చాటుగా నిఘా యాప్ పెడితే, అది బయటపడిన రోజు నుంచి మీకు నిజం చెప్పరు.

"నాకు బతకాలని లేదు" అన్న మాట ఎప్పుడైనా వినబడితే ధైర్యవచనాలతో సరిపెట్టకండి. పక్కనున్న పెద్దవాళ్లెవరినైనా తోడుండమనండి, మీరు బయల్దేరండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు మీ ఫోన్లోనూ, పిల్లల ఫోన్లోనూ ఇవాళే సేవ్ చేయండి.