కోళ్ళు, బాతులు కలిసిన పెరటి మందలో పొదుగు యాజమాన్యం

రాయచోటి ప్రాంతంలో వర్షాధారపు వేరుశనగ, మామిడి సాగు చేసే కుటుంబాలలో చాలామంది పెరట్లో నాలుగైదు కోళ్ళను పెంచుతారు. చెరువుకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో వాటితోపాటు రెండు మూడు బాతులు కూడా ఉండవచ్చు. పంట చేతికి రాని సంవత్సరంలో ఈ చిన్న మందే ఇంటి చేతిఖర్చుకు ఆధారం. అటువంటి మందను నిలబెట్టేది ఇంక్యుబేటరు కాదు, పొదుగుకు వచ్చిన దేశీ పెట్ట. ఆ పెట్టను ఎప్పుడు కూర్చోబెట్టాలి, ఏ గుడ్ల మీద కూర్చోబెట్టాలి, ఎప్పుడు మాన్పించాలి అన్న మూడు నిర్ణయాలను విస్తరణ శాస్త్రవేత్తలు రైతు మహిళలకు స్పష్టంగా చెప్పగలగాలి.

పొదిగే పక్షి ఏది?

పొదిగే గుణం ప్రొలాక్టిన్ అనే హార్మోను ప్రభావంతో కలుగుతుంది. గూటి స్పర్శ, గుడ్ల స్పర్శ, చీకటి, పొట్ట కింది వెచ్చదనం ఆ హార్మోనును పెంచుతాయి. దేశీ పెట్టలలో, ముఖ్యంగా అసీల్ జాతిలో, ఈ గుణం బలంగా ఉంటుంది. గుడ్ల దిగుబడి కోసం అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలలో ఇది చాలా తక్కువ. బాతులలోనూ ఇదే తేడా ఉంది. ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ బాతులు గుడ్లు బాగా పెడతాయి కానీ సాధారణంగా పొదగవు. మస్కోవీ బాతు తన గుడ్లను తానే చక్కగా పొదుగుతుంది. కాబట్టి మిశ్రమ మందలో పొదిగే బాధ్యత ఎక్కువగా దేశీ పెట్ట మీదనే పడుతుంది.

రోజుల లెక్క

కోడిగుడ్డు 21 రోజులకు, సాధారణ బాతుగుడ్డు 28 రోజులకు, మస్కోవీ గుడ్డు సుమారు 35 రోజులకు పిల్ల అవుతుంది. మిశ్రమ మందలో నష్టానికి ముఖ్య కారణం ఈ తేడాను గుర్తించకపోవడమే. ఒక గృహిణి ఒకే రోజున ఒకే పెట్ట కింద ఎనిమిది కోడిగుడ్లు, మూడు బాతుగుడ్లు పెట్టిందనుకుందాం. 21వ రోజున కోడిపిల్లలు వస్తాయి. ఒకటి రెండు రోజులలో తల్లి వాటిని వెంటబెట్టుకొని గూడు విడిచి పోతుంది. అప్పటికి బాతుగుడ్లకు ఇంకా వారం గడువు ఉంటుంది. లోపల దాదాపు రూపుదిద్దుకున్న పిండాలు చల్లబడి చనిపోతాయి. గుడ్లు మంచివి కావనో, పెట్ట మంచిది కాదనో ఆమె అనుకుంటుంది. నిజానికి తప్పింది లెక్క మాత్రమే.

అందువలన ఒక గూటిలో ఒకే జాతి గుడ్లు, ఒకే తేదీన పెట్టినవి ఉండాలి. రెండు పెట్టలు ఒకేసారి పొదుగుకు వస్తే ఒకదానికి కోడిగుడ్లు, మరొకదానికి బాతుగుడ్లు కేటాయించాలి. ఒకే పెట్ట ఉండి, కలపక తప్పకపోతే ముందు బాతుగుడ్లు పెట్టి, ఎనిమిదో రోజున కోడిగుడ్లు చేర్చాలి. ఇతర పెట్టలు వచ్చి అదే గూటిలో గుడ్లు పెట్టడం మామూలే. పొదుగు గుడ్ల మీద పెన్సిలుతో గుర్తు వేసి, గుర్తు లేని వాటిని ప్రతి సాయంత్రం తీసివేయాలి.

గూడు, గుడ్లు

పెట్ట పరిమాణాన్ని బట్టి 10 నుంచి 12 కోడిగుడ్లు, లేదా ఐదారు బాతుగుడ్లు చాలు. బాతుగుడ్డు పెద్దది కాబట్టి పెట్ట దానిని సరిగా తిప్పలేకపోవచ్చు. పెట్ట మేతకు లేచినప్పుడు చేతితో తిప్పి, చివరి వారంలో గోరువెచ్చని నీరు కొద్దిగా చిలకరించాలి. మురికి గుడ్లను కడిగి పెట్టడం కంటే శుభ్రమైన వాటిని ఎంచుకోవడం మేలు. ఏడో రోజున చీకటి గదిలో టార్చి వెలుతురులో పరీక్షించి, రక్తనాళాలు కనిపించని గుడ్లను తొలగించాలి.

గంపలో అడుగున ఇసుక, పైన పొడి గడ్డి పరచి, బాతులు తడిపే చోటికి దూరంగా, నీడలో ఉంచాలి. బాతులకు నేల మీద వేరే గూడు ఇవ్వాలి. పొదిగే పెట్టకు దగ్గరలోనే నీరు, జొన్న లేదా సజ్జ గింజలు అందించాలి.

ఎప్పుడు మాన్పించాలి?

వేసవిలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో నిలవ ఉంచిన గుడ్లలో పిండం అస్తవ్యస్తంగా ఎదగడం మొదలై, పొదగకముందే చనిపోతుంది. ఏప్రిల్, మే నెలలలో పొదుగు మాన్పించి, వర్షాలు వచ్చి వాతావరణం చల్లబడిన తరువాత కూర్చోబెట్టడం మంచిది. ఆ కాలంలోనూ గుడ్లను వారం కంటే ఎక్కువ నిలవ చేయరాదు.

మాన్పించడానికి పెట్ట ముక్కులో ఈక గుచ్చడం, నీటిలో ముంచడం, పస్తు పెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తాయి. ఇవి పక్షిని హింసించేవి, బలహీనపరిచేవి. నేలకు ఎత్తుగా అమర్చిన తీగల అడుగు గల బోనులో, వెలుతురు తగిలే నీడపట్టున, మేత నీరు ఇస్తూ మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. పొట్ట కింద గాలి ఆడి చల్లబడటంతో, గూటి స్పర్శ లేకపోవడంతో ప్రొలాక్టిన్ తగ్గుతుంది. ఈ పని పొదుగు మొదలైన ఒకటి రెండు రోజులలోనే చేస్తే త్వరగా ఫలిస్తుంది.

పిల్లలు వచ్చిన తరువాత

కోడి కింద పుట్టిన బాతుపిల్లలను వెంటనే చెరువులోకి వదలరాదు. తడిసి, చలికి గురై చనిపోతాయి. వేరుశనగ పండే మన ప్రాంతంలో మరొక హెచ్చరిక అవసరం. బూజు పట్టిన వేరుశనగ, దాని చెక్క బాతుపిల్లలకు విషంతో సమానం. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి మేసిన లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోవడంతో అఫ్లటాక్సిన్ వెలుగులోకి వచ్చింది. బాతుపిల్లలు ఈ విషానికి ఎంత సున్నితమైనవంటే, దానిని గుర్తించే పరీక్షలకు వాటినే వాడారు. కోడిపిల్లలు తట్టుకున్న మేత బాతుపిల్లలను చంపగలదు.

ముగింపు

విస్తరణ సందర్శనలో ప్రతి ఇంటికీ ఒక చిన్న కార్డు ఇవ్వడం మంచిది. గుడ్ల జాతి, పెట్టిన తేదీ, పిల్లలు రావలసిన తేదీ, వచ్చిన పిల్లల సంఖ్య అనే నాలుగు గడులు చాలు. తేదీ రాసుకున్న ఇంట్లో మూడు బాతుపిల్లలు అదనంగా బతుకుతాయి. పేద ఇంటికి అది చిన్న లాభం కాదు.