శిశు విద్య: దేశాల పోలికలో అంకెల విలువ

దేశాల విద్యాభివృద్ధిని పోల్చవలసి వచ్చినప్పుడు మనము మొదట అంకెల పట్టికను తెరుస్తాము. నూటికి తొంభై మంది పిల్లలు చేరిన దేశము ముందున్నదని, అరవై మందే చేరిన దేశము వెనుకబడినదని తీర్పు చెబుతాము. బడి ఈడు రాని పసిపిల్లల విషయంలో ఈ తీర్పు ఎంత తొందరపాటో విద్యార్థి మిత్రులకు మనవి చేయడమే మా ఉద్దేశము.

ముందుగా లెక్క కట్టే పద్ధతిని చూద్దాము. ఒక ఊరిలో మూడు నుండి అయిదేళ్ళ ఈడు పిల్లలు 100 మంది ఉన్నారనుకొందాము. వారిలో 80 మంది శిశు విద్యాలయంలో చేరారు. ఆరేళ్ళు నిండినా ఒకటవ తరగతికి పోని మరి 25 మంది కూడ అక్కడే ఉన్నారు. అందరినీ లెక్కిస్తే నూటికి 105 అవుతుంది; ఇది స్థూల నమోదు నిష్పత్తి. ఆ ఈడువారిని మాత్రమే లెక్కిస్తే 80. ఇది నికర నిష్పత్తి. నూటికి మించిన అంకెను చూచి అందరూ చేరారని భ్రమపడరాదు. ఇంకా 20 మంది ఇండ్లలోనే ఉన్నారు. ఒక దేశపు స్థూల నిష్పత్తిని మరొక దేశపు నికర నిష్పత్తితో పోల్చడం, ఒకరి ధాన్యాన్ని తూముతోను మరొకరి ధాన్యాన్ని మానికతోను కొలవడం వంటిది.

రెండవది వయస్సు. ఫ్రాన్సులో 2019 నుండి మూడవ ఏటనే విద్య నిర్బంధము. ఆ శాసనానికి పూర్వమే అక్కడి మూడేళ్ళ పిల్లలు దాదాపు అందరూ శిశు పాఠశాలలకు పోతూ ఉండేవారు. ఫిన్లాండులో ఒకటవ తరగతి ఏడవ ఏట మొదలవుతుంది. దానికి ముందరి ఒక్క సంవత్సరాన్ని 2015లో నిర్బంధము చేశారు. మూడేళ్ళు నిండని బిడ్డను ఇంటివద్దనే పెంచే తల్లిదండ్రులకు ప్రభుత్వము భృతి ఇస్తున్నది. అక్కడ పసివారి నమోదు ఫ్రాన్సు కంటె తక్కువ. అయినను 2000 సంవత్సరపు పిసా పరీక్షలో, పదిహేనేళ్ళవారి పఠన శక్తిలో ఫిన్లాండే ప్రథమ స్థానము పొందినది.

అయితే ఫిన్లాండును చూపి మనము తృప్తిపడరాదు. అక్కడ ఇంట ఉన్న బిడ్డకు భృతి, పుస్తకము, గ్రంథాలయము తోడున్నవి. మన దేశంలో కూలికి పోయే తల్లి బిడ్డను తరచుగా అక్కయే చూడవలసి వస్తుంది. ఆ అక్క బడి మానుతుంది. చిన్నవాని చదువుతో పాటు పెద్దపిల్ల చదువు కూడ పోతుంది.

మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో ఆరంభమైనది. అంగన్‌వాడీలలో పోషకాహారము, టీకాలు, ఆటపాటలతో కూడిన చదువు లభించవలెను. ఇవి స్త్రీ శిశు సంక్షేమ శాఖ క్రిందివి. పాఠశాలలు విద్యాశాఖ క్రిందివి. ఒక శాఖ లెక్కనే తీసుకొంటే రెండవ శాఖ పిల్లలు పట్టికలో కనిపించరు. ఇక రిజిస్టరులో పేరున్నంత మాత్రాన చదువు అందినదని చెప్పలేము. ఆ పేరు ఆహారము కొరకే ఉండవచ్చును.

ఇంట ఉర్దూ మాట్లాడే బిడ్డకు కేంద్రంలోని కథ అర్థము కాకపోతే, ఆ బిడ్డ హాజరైనను చదువుకు దూరముగానే ఉన్నట్లు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషా బోధన సౌకర్యము కల్పించవలెనని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణము చెబుతున్నది. అంతకంటె చిన్నవారికి ఆ అవసరము ఇంకను ఎక్కువ.

కనుక ఏ అంకెను చూచినా మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ ఈడువారిని లెక్కించారు? ఎవరిని విడిచిపెట్టారు? చేరిన బిడ్డ ఏమి పొందుతున్నది? రేపు ఉపాధ్యాయులు కానున్న మిత్రులు సెలవులలో తమ వాడలోని కేంద్రానికి వెళ్ళి, రిజిస్టరులోని పేర్లను, ఎదుట కూర్చున్న పిల్లలను లెక్కించి చూడవలెనని మా మనవి. దేశాలను పోల్చే విద్యకు అదే తొలి పాఠము.