రూపాయికి ఎనిమిది పైసలు



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు మనమంతా ముందుగా బియ్యం, తాగునీరు, మందుల సంగతి చూశాం. అదే న్యాయం. అయితే తడిసిన దస్తావేజులను, పాత ఉర్దూ పుస్తకాలను ఆరబెట్టి నకళ్లు తీయించే పనికి మన లెక్కల్లో ఒక పద్దంటూ లేదు. వక్ఫ్ దస్తావేజు చెడిపోతే ఖబరస్తాన్ హద్దు రుజువు చేయడం కష్టం. నికాహ్ రిజిస్టరు పోతే ఒక వితంతువు హక్కు చిక్కుల్లో పడుతుంది.

ఇలాంటి పనికి డబ్బు కూర్చే దారి మన ఇంటి పన్ను రసీదులోనే ఉంది. అందులో గ్రంథాలయ సెస్సు కూడా కలిసి ఉంటుంది.

1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపులివర్రు నుంచి కాలువ మీద పడవలో పల్లెలకు పుస్తకాలు చేర్చారు. ఆనాటి గ్రంథాలయాలు ఎక్కువగా చందాలతో నడిచేవి. దాత చేయి ఆగితే పని ఆగేది. మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టం, మన రాష్ట్రంలో 1960 చట్టం ఈ లోటు తీర్చాయి. నేడు ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు అదనంగా వసూలవుతుంది. స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రంలోనూ 2000లో ఇటువంటి చట్టం వచ్చింది. ఊరి ఓటర్లు సమ్మతిస్తే ఆస్తి పన్నుపై 3 శాతం వరకు అదనంగా తీసుకొని పాత కట్టడాలు, బహిరంగ స్థలాలు, పేదల గృహాల వంటి వాటికి వాడతారు.

వీటి నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. మొత్తం చిన్నదైనా క్రమం తప్పకూడదు. వసూలైన సొమ్ము ఉద్దేశించిన చోటికే చేరాలి. సెస్సు బకాయిలు పేరుకున్నాయన్న వార్తలు పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం.

అందుకే మా విన్నపం ఇది. మీరు ఇంటి పన్ను కట్టిన ప్రతిసారీ రూపాయికి 8 పైసల లెక్కన మన పత్రాల భద్రతకు ఇవ్వండి. పన్ను రూ.2,000 అయితే మీ వంతు రూ.160. ఇది జకాత్ కాదు, సదఖా. జకాత్‌కు ఖుర్ఆన్ (9:60) ఎనిమిది పద్దులు నిర్దేశించింది. ఆ సొమ్ము ఇందులో కలపరాదు. ఈ నిధికి వేరే ఖాతా ఉండాలి, దాని జమాఖర్చులు ఏటా ఈ సంచికలోనే అచ్చుకావాలి. అవి కనిపించకపోతే మమ్మల్ని నిలదీయండి.

కొద్దిదైనా ఎడతెగని సత్కార్యమే అల్లాహ్‌కు ప్రియమని ప్రవక్త (స) బోధించారు. అల్లాహ్ మన చిన్న మొత్తాలను స్వీకరించుగాక. ఆమీన్.