1966 నోవా: పరుగెత్తించే ముందు ఆపడం నేర్పాలి

అమెరికాలో 1960లలో కార్ల కంపెనీల మధ్య ఒక వింత పోటీ నడిచింది. కుటుంబాల కోసం తయారుచేసిన చిన్న కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించి, అందుబాటు ధరకే వేగాన్ని అమ్మడం ఆ పోటీ. అలాంటి వాటికి ‘మజిల్ కార్లు’ అనే పేరు స్థిరపడింది. షెవ్రొలే కంపెనీ 1966లో అమ్మిన షెవీ-2 నోవా ఆ కోవలోదే. కావాలనుకున్నవారు అందులో ఎల్79 అనే 5.4 లీటర్ల వి-8 ఇంజిన్ వేయించుకోవచ్చు. కంపెనీ ప్రకటించిన శక్తి 350 హార్స్‌పవర్.

ఈ అంకెను నేటి కార్లతో నేరుగా పోల్చకూడదు. ఆ రోజుల్లో ఇంజిన్‌ను కారులో కాకుండా బల్ల మీద ఉంచి, సైలెన్సర్ వంటి భాగాలు లేకుండానే శక్తిని కొలిచేవారు. అన్ని భాగాలూ బిగించి కొలిచే పద్ధతి అమెరికా కంపెనీలలో 1972 మోడళ్లతో స్థిరపడింది. అయినా ఆ చిన్న కారుకు అది చాలా ఎక్కువ శక్తే. ఆపడానికి మాత్రం నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి.

అందుకే ఇలాంటి కారును బాగుచేసేవారికి ఎదురయ్యే అసలు ప్రశ్న రంగు గురించి కాదు. ఏది పాతదిగానే ఉంచాలి, ఏది తప్పక మార్చాలి? దీనికి జవాబు భౌతికశాస్త్రం చెబుతుంది.

ఆగడమంటే వేడెక్కడం

కదిలే వస్తువు గతిజశక్తి దాని వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. డ్రైవరుతో కలిపి కారు బరువు 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దాని గతిజశక్తి సుమారు 135 కిలోజౌళ్లు. వేగం 100కు పెరిగితే అది 540 కిలోజౌళ్లు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లయింది. కారు ఆగినప్పుడు ఈ శక్తిలో అధికభాగం బ్రేకులలో వేడిగా మారుతుంది.

అందులో 65 శాతం ముందు డ్రమ్ములకు చేరుతుందని, ఆ రెండింటిలో కలిపి 14 కిలోల ఇనుము ఉందని అనుకుని లెక్కవేద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే వాటి ఉష్ణోగ్రత దాదాపు 55 డిగ్రీలు పెరుగుతుంది. చల్లబడే వ్యవధి లేకుండా ఐదుసార్లు ఆపితే పెరుగుదల 270 డిగ్రీలు దాటుతుంది.

వేడెక్కిన ఇనుము వ్యాకోచిస్తుంది. సుమారు 241 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము 250 డిగ్రీలు వేడెక్కితే, వ్యాసం 0.66 మిల్లీమీటరు పెరుగుతుంది. బ్రేకు షూలు లోపలి నుంచి బయటికి నొక్కుతాయి కాబట్టి, డ్రమ్ము వాటికి దూరంగా జరిగినట్టే. పెడల్ మరింత లోతుకు దిగుతుంది. పైగా బాగా వేడెక్కిన లైనింగ్ ఘర్షణ గుణకం కూడా పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టు తగ్గడానికి కారణాలు ఇవే. డిస్క్ బ్రేకులో డిస్క్ వ్యాకోచిస్తే ప్యాడ్ల వైపే జరుగుతుంది. అది గాలికి తెరిచి ఉండటంతో త్వరగా చల్లబడుతుంది కూడా.

ఒక్క లీకు చాలు

1966 నోవాలో మాస్టర్ సిలిండర్‌కు ఒకే గది ఉండేది. నాలుగు చక్రాలకూ ఒత్తిడి అక్కడి నుంచే అందాలి. ఏ ఒక్క గొట్టం పగిలినా ద్రవం అక్కడి నుంచి కారిపోయి, నాలుగు బ్రేకులూ పనిచేయడం మానేస్తాయి. ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటిగా రెండు గదులున్న సిలిండర్ 1967 మోడల్‌తో వచ్చింది. ముందు డిస్క్ బ్రేకులను కూడా ఆ ఏడాదే ఐచ్ఛికంగా ఇచ్చారు. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త కార్లకు రెండు విభాగాల బ్రేకు వ్యవస్థను తప్పనిసరి చేశారు. పాత నోవాకు చేయదగిన మొదటి మార్పు ఇదే.

బ్రేకు ఆయిల్ విషయమూ అంతే ముఖ్యం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టిన తర్వాత ఆ కనీస పరిమితి 140 డిగ్రీలే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవంలా కాక ఆవిరి అణిగిపోతుంది కాబట్టి పెడల్ నొక్కినా ఒత్తిడి చక్రానికి చేరదు.

బరువు ముందుకు మొగ్గితే

గట్టిగా బ్రేకు వేసినప్పుడు భారం ముందు చక్రాల మీదికి మారుతుంది. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున, చక్రాల వరుసల మధ్య దూరం 2.8 మీటర్లు ఉందనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.7 వంతు రుణత్వరణంతో ఆగితే దాదాపు 175 కిలోల భారం వెనుక నుంచి ముందుకు మారుతుంది. తేలికపడిన వెనుక చక్రాలు తిరగడం ఆగి జారితే, కారు తోక పక్కకు తిరుగుతుంది. ఏబీఎస్ లేని ఈ కారును ముందున్న వాహనానికి బాగా ఎడంగానే నడపాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు స్పందించడానికి పట్టే ఒకటిన్నర సెకనులోనే కారు 42 మీటర్లు వెళ్లిపోతుంది.

పెట్రోలు మారిపోయింది

ఎల్79 ఇంజిన్ సంపీడన నిష్పత్తి 11:1. ఈ నిష్పత్తి ఎక్కువైతే సామర్థ్యం పెరుగుతుంది. కానీ స్పార్క్ ప్లగ్ అంటించిన మంట చేరకముందే కొంత మిశ్రమం తనంతట తాను పేలే ప్రమాదమూ పెరుగుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. దీన్ని అరికట్టడానికి అప్పట్లో పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. సీసపు నిక్షేపాలు ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరిగిపోకుండా కూడా కాపాడేవి. కానీ సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. అమెరికా 1996లో, భారత్ 2000లో రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని ఆపేశాయి. 2021లో అల్జీరియా కూడా ఆపడంతో అది ప్రపంచమంతటా ముగిసింది. అందుకే బాగుచేసేటప్పుడు గట్టి లోహంతో చేసిన వాల్వ్ సీట్లు వేస్తారు. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు వాడతారు.

ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనానికి కావలసింది సుమారు 13.5 కిలోలు. పాత కార్బురేటర్‌కు ఈ మార్పు తెలియదు. అది పాత లెక్కలోనే ఇంధనం ఇస్తే మిశ్రమంలో గాలి ఎక్కువవుతుంది. కాబట్టి జెట్లు మార్చాలి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, సీళ్లు వేయాలి.

ఊదకూడని దుమ్ము

ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్ రావచ్చు. డ్రమ్ము విప్పాక దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకూడదు, పొడి బ్రష్‌తో దులపకూడదు. తగిన మాస్కు ధరించి, తడిపి తుడవాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకూడదు.

మన నిబంధనలు

భారత ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కించాలి. అందువల్ల ఏ మార్పైనా చేసేముందు రవాణా శాఖలో అడిగి తెలుసుకోవాలి. వీలైనంత వరకు తిరిగి విప్పగలిగే మార్పులే చేసి, తీసిన అసలు భాగాలను భద్రపరచాలి.

పని వరుస కూడా దీన్నిబట్టే ఉండాలి. మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. తర్వాత ఇంధనం పోయే గొట్టాలు, ఆ తర్వాత ఇంజిన్. రంగు, మెరుగులు అన్నిటికన్నా చివర. ఇంజిన్ మోగగానే సంబరపడి రోడ్డెక్కించకుండా, ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో నడిపి, కారు ఎన్ని మీటర్లలో ఆగుతోందో టేపుతో కొలిచి చూడాలి.