సన్మానం తలపెట్టిన మనవరాలికి

దుర్గి

తల్లీ,

మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సభలో మన ఊరి మాస్టారిని సన్మానించాలనుకుంటున్నామని రాశావు. చాలా సంతోషమేసింది. రిటైరయ్యాక కూడా సాయంత్రమయ్యేసరికి బడికొచ్చి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషి. మంచివాళ్లను పోయాక పొగడటం మనకు అలవాటు. మీరు ఆయన కళ్లెదుట ఉండగానే తలచుకున్నారు, అందుకే సంతోషం.

సభ ఎలా చేస్తే బాగుంటుందని అడిగావు. గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. 1946లో మొదలైన ఆ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్ల సంఘమే జింకానా. గుంటూరు పెద్దాసుపత్రిలో పొదిల ప్రసాద్ గారి పేరున్న సూపర్ స్పెషాలిటీ భవనం వాళ్ల చలవే. 2022లో డాలస్‌లో వాళ్లు కలిసినప్పుడు గవిని ఉమాదేవి గారు అదే పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం కట్టడానికి 20 కోట్ల రూపాయలు ఇస్తానన్నారు. అలర్జీ వైద్యంలో జీవితమంతా కష్టపడి కూడబెట్టిన సొమ్ము. ఆమె పేరే పెడతామంటే వద్దన్నారు. మత్తు డాక్టరుగా పనిచేసి అప్పటికే కాలం చేసిన భర్త కానూరి రామచంద్రరావు గారి పేరుకు మాత్రం ఒప్పుకున్నారు.

తర్వాత జరిగింది నాకు ఇంకా నచ్చింది. ఆమె మాట విని అక్కడున్న పాత విద్యార్థులు మరికొందరు తామూ కోట్లలో ఇస్తామని ముందుకొచ్చారు. ఆమెకు ఏ శాలువా కప్పినా అంతటి గౌరవం దక్కేదా?

ఆ తల్లీబిడ్డల విభాగం విలువ మన వైపు ఆడవాళ్లకు తెలుసు. కాన్పు కష్టమైతే ముందు మాచర్ల, అక్కడ కాకపోతే నరసరావుపేట, అదీ కాదంటే నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి గుంటూరు. నొప్పులు పడుతున్న పిల్లను పడుకోబెట్టుకుని ఆ దారిన వెళ్లిన తల్లులు మన వీధిలోనే ఉన్నారు. ఉమాదేవి గారు ఆ కాలేజీలో చదివింది అరవైల్లో. ఇన్నేళ్లు సముద్రాల అవతల ఉండి కూడా ఏ వార్డుకు ఏం కావాలో మర్చిపోలేదు.

కాబట్టి ఫ్లెక్సీల ఖర్చు తగ్గించండి. ముందు మాస్టారి దగ్గరికెళ్లి బడికి ఏం కావాలో అడగండి. తనకేమీ వద్దంటారు, అది పట్టించుకోకుండా పిల్లల కోసం ఏం కావాలో చెప్పమనండి. ఆ పని మీ బ్యాచ్‌ల వాళ్లు పంచుకుని, ఎవరు ఏది చేస్తారో సభలో ఆయన వినేలా చెప్పండి. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల చేత కూడా మాట్లాడించండి. అతిథుల ప్రసంగాలు తగ్గినా ఫర్వాలేదు. జ్ఞాపిక ఇవ్వాలనుకుంటే బజార్లో కొనవద్దు. మన దుర్గి శిల్పుల చేత రాతిలో చెక్కించండి. వాళ్లకు నాలుగు వారాలైనా గడువివ్వాలి, ఇప్పుడే చెప్పిపెట్టండి.

ఇంకొకటి, సభ పొద్దున పూట పెట్టండి. సాయంత్రమైతే లెక్కల క్లాసు పోతుందని ఆయన రారు.

ప్రేమతో,
అమ్మమ్మ