చిన్న వెబ్‌సైటునకు తగిన ప్లగిన్లను ఎన్నుకొనుట

విశాఖపట్టణమున నేడు పాఠశాలకు, సంఘమునకు, ట్యూషను తరగతులకు, పడవల ఇంజనులు బాగుచేయు దుకాణమునకు సైతము ఒక వెబ్‌సైటు ఉండుట సామాన్యమైనది. మా పై తరగతుల విద్యార్థులు కొందఱు సొంతముగా బ్లాగులు వ్రాయుచున్నారు. పాత విద్యార్థులు తమ వ్యాపారములకు సైట్లు ఏర్పఱచుకొనుచున్నారు. వీరు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు: "ఏ ప్లగిన్లు పెట్టుకొనవలెను?" దీనికి పది పేర్ల జాబితా నిచ్చుట సులభము, అట్టి జాబితాలు వలసినన్ని కలవు. కాని, "మాకు కావలసిన పని యేది? ఆ పనికొఱకు ఎవరిని లోనికి రానీయవచ్చును?" అని ప్రశ్నను మార్చినగాని సరియైన సమాధానము దొరకదని మా యభిప్రాయము.

చిన్న సైట్లలో పెక్కింటికి ఆధారమైన వర్డ్‌ప్రెస్ అను సాధనము 2003వ సంవత్సరము మే 27వ తేదీన వెలువడినది. అమెరికా దేశీయుడగు మాట్ ములెన్‌వెగ్, ఇంగ్లండు దేశీయుడగు మైక్ లిటిల్ దాని నారంభించిరి. మఱుసటి యేట 1.2 సంఖ్యగల కూర్పుతో ప్లగిన్లను తగిలించు ఏర్పాటు వచ్చినది. ప్లగిన్ అనగా, మూలసాధనమును మార్పకయే దానికొక క్రొత్త పనిని నేర్పు చిన్న ప్రోగ్రాము. వర్డ్‌ప్రెస్ వారి భాండారమున ఉచితముగా దొరకునవే 60,000కు పైగా నున్నవి. అయితే ప్లగిన్ ఎంత చిన్నదైనను, మూలసాధనమునకు గల అధికారమంతయు దానికిని లభించును. అది పేజీలను మార్చగలదు, డేటాబేసును చదువగలదు, ఫైళ్లను వ్రాయగలదు. కిటికీ బాగుచేయ వచ్చిన వడ్రంగికి ఇంటి తాళపుచెవుల గుత్తి అంతయు ఇచ్చిన చందమున నుండును.

కావున మొదట చూడవలసినది, ఆ పనికి ప్లగిన్ అవసరమా యనునది. 2020వ సంవత్సరము ఆగస్టులో వెలువడిన 5.5వ కూర్పునుండి, వెదకు యంత్రములకు కావలసిన సైటు పటమును వర్డ్‌ప్రెస్సే తయారుచేయుచున్నది. పేజీ క్రిందిభాగమునందలి బొమ్మలను చదువరి అచ్చటికి వచ్చువఱకు నిలిపియుంచుటయు నేర్చినది. ఈ రెంటికొఱకును ఇప్పటికిని ప్లగిన్లు తగిలించువారు కలరు.

తెలుగులో వ్రాయువారికి సంబంధించిన సంగతి యొకటి యున్నది. దానిని కొంచెము వివరముగా చెప్పెదము. వ్యాసమునకు తెలుగు శీర్షిక నిచ్చినచో వర్డ్‌ప్రెస్ ఆ శీర్షికనుండియే పేజీ చిరునామాను కల్పించును. చిరునామాలో తెలుగు చిహ్నమొక్కొక్కటి తొమ్మిదేసి రోమను గుర్తులుగా మాఱును. ఇచ్చట గుణింతపు గుర్తును, పొల్లును వేఱువేఱు చిహ్నములుగా లెక్కింపవలెను. చిరునామాకు 200 గుర్తుల హద్దు గలదు. "విశాఖపట్టణము ఓడరేవు చరిత్ర" అను శీర్షికను తీసికొనుడు. మొదటి పదమున 12 చిహ్నములు, తక్కిన రెంటిలో ఆఱేసి, వెరసి 24. తొమ్మిదింట హెచ్చింపగా 216. పదముల నడుమ రెండు ఎడములు చేర్చగా 218. హద్దు దాటినది గనుక చివరి పదము "చరిత" యొద్దనే తెగిపోవును. ఇట తెగిన ముక్కకు అదృష్టవశమున అర్థమున్నది, అన్నిచోట్ల నుండదు. పైగా ఆ చిరునామాను వాట్సాపులో పంపినచో, చూచువారికి శాతపు గుర్తులతో నిండిన పొడవైన తోక కనబడి, ఇదేదో మోసమని తెఱవక మానుదురు. దీనికి విరుగుడుగా ప్లగిన్లు కలవు. కాని వ్యాసమును ప్రకటించుటకు ముందు చిరునామా గడిలో రెండు మూడు పదములు రోమను లిపిలో మన చేతితో వ్రాసిన చాలును. అర నిమిషపు పని.

తెలుగు ఫాంటు ప్లగిన్లను గూర్చియు ఇంతే. 1991 నాటి మొదటి కూర్పునుండియు యూనికోడునందు తెలుగునకు స్థానము గలదు. నేటి ఫోనులలో తెలుగు ఫాంటు ముందుగనే యుండును. శీర్షికల యందముకొఱకు వేఱు ఫాంటు కావలెనన్నచో ఒకటి చాలును. పేజీపై మంచు కురిపించు ప్లగినును క్రిస్మసు దినములలో పెట్టువారిని చూచియున్నాము. విశాఖపట్టణమున మంచేల?

ప్లగిన్ నిజముగా కావలసినప్పుడు దాని భాండారపు పేజీని శ్రద్ధతో చదువవలెను. నక్షత్రముల సంఖ్యను చూచి తృప్తిపడరాదు. కడపటిసారి ఎప్పుడు సవరించిరో, ఏ కూర్పువఱకు పరీక్షించిరో అచ్చట వ్రాసియుండును. కడపటి మూడు పెద్ద కూర్పులతో పరీక్షింపని ప్లగినుపై హెచ్చరిక కనబడును. సహాయము కోరినవారికి గడచిన రెండు నెలలలో ఎన్ని సమస్యలు తీర్చిరో కూడ లెక్క యుండును. మేము మొదట చూచునది ఈ లెక్కనే. ఇంటిలో మనుష్యులున్నారో లేరో దీపమును బట్టి తెలియును గదా.

ఇన్ని చూచినను ప్రమాదము లేకపోలేదు. డిస్‌ప్లే విడ్జెట్స్ అను ప్లగిన్ ఇంచుమించు 2,00,000 సైట్లయందుండెడిది. దాని కర్త దానిని వేఱొకరికి అమ్మివేసెను. కొన్నవారు 2017వ సంవత్సరమున సవరణల పేర దానిలో దొంగదారి నొకటి చేర్చి, ఇతరుల సైట్లలో తమ ప్రకటనల పేజీలను చొప్పించిరి. చిత్రమేమనగా, ఆ పేజీలు సైటు యజమాని లాగిన్ అయి చూచునప్పుడు కనబడవు. బయటివారికి మాత్రమే కనబడును. ఆ యేడు సెప్టెంబరులో భాండారమువారు దానిని పూర్తిగా తొలగించిరి. కనుక సైటును నడపువారు నెలకొకమాఱైనను లాగిన్ కాకుండ, ఇతరుల ఫోనులో, తమ సైటును తామే చూచుకొనవలెను. పాఠశాల పేరున జూదపు ప్రకటన కనబడినచో పరువు పోవునది పాఠశాలకే.

2020 సెప్టెంబరులో బయటపడిన ఫైల్ మేనేజర్ ప్లగిన్ సంగతి వేఱు. అచ్చట మోసము లేదు, లోపమున్నది. 7,00,000 సైట్లలో నున్న ఆ ప్లగిన్ ద్వారమున, లాగిన్ కానివారు కూడ సర్వరులోనికి ఫైళ్లు పంపగలిగిరి. సవరణ వెంటనే వచ్చినదిగాని, నెలకు రెండు బొమ్మలు చేర్చు బ్లాగునకు సర్వరు ఫైళ్లన్నిటిపై పెత్తనమిచ్చు ప్లగిన్ ఏల కావలసివచ్చెను? వెలగల ప్లగిన్ల దొంగప్రతులను ఉచితముగా దింపుకొనుటను గూర్చి చెప్పనక్కఱయే లేదు.

ఇక పాఠశాల వంటి చిన్న సైటునకు మేము అవసరములని యెంచునవి నాలుగు పనులు. మొదటిది నకలు తీయుట. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటి ప్లగిన్ సైటంతయు నకలు తీసి గూగుల్ డ్రైవు మొదలగు వేఱుచోట్లకు పంపును. ఆ వేఱుచోటే ముఖ్యము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన పట్టణముపై పడి, విద్యుత్తును టెలిఫోనును దినములకొలది నిలిపివేసినది పెద్దలందఱు నెఱుగుదురు. మూలము, నకలు ఒక్క సర్వరునందే యున్నచో ఆ సర్వరు పోయిన దినమున రెండును పోవును. నకలునుండి సైటును తిరిగి నిలిపి చూడకున్న అది నకలో కాదో తెలియదు. వేసవి సెలవులలో ఈ పరీక్ష చేయవచ్చును.

రెండవది, పేజీలను సిద్ధముగా నుంచు క్యాష్ ప్లగిన్. ఇది లేనిచో చదువరి వచ్చిన ప్రతిసారియు సర్వరు డేటాబేసునుండి సమాచారమును తెచ్చి పేజీని క్రొత్తగా కూర్చవలసివచ్చును. పదవ తరగతి ఫలితముల నాడు వందలమంది ఒక్కమాఱు వచ్చిన సర్వరు చతికిలబడును. బోర్డుపై ఒకసారి వ్రాసిన ప్రకటనను అందఱు చదువుకొనునట్లు, క్యాష్ ఒకసారి కూర్చిన పేజీనే అందఱికి చూపును. మూడవది లాగిన్ ప్రయత్నములకు హద్దు పెట్టుట. వర్డ్‌ప్రెస్ తనంతట ఎన్ని తప్పు పాస్‌వర్డులనైనను ఓర్చుకొనును.

నాల్గవది ఉత్తరముల ఫారము. జపానుకు చెందిన తకాయుకి మియోషి 2007నుండి నడుపుచున్న కాంటాక్ట్ ఫారం 7 దీనికి తగినది. దానియందు కొఱతగా ఎంచబడు లక్షణమొకటి మాకు గుణముగా తోచును: వచ్చిన ఉత్తరమును మనకు మెయిలుగా పంపునేగాని, సైటులో దాచదు. పిల్లల పేర్లు, ఫోను నంబర్లు సర్వరునందు కుప్పపడకుండుట మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగా నెంచి, వారి సమాచారమును వాడుటకు సామాన్యముగా తలిదండ్రుల అనుమతి కావలెనని చెప్పుచున్నది. సందర్శకుల వెంట నడచి లెక్కలు వ్రాయు ప్లగిన్లను పాఠశాల సైటున పెట్టువారు ఈ మాటను ఒకసారి తలచుకొనవలెను.

తగిలించిన ప్లగిన్ అక్కఱ తీరిన పిమ్మట నిలిపివేసిన చాలదు, తొలగింపవలెను. నిలిపివేసినను దాని ఫైళ్లు సర్వరునందే యుండును, వానిలో లోపములును అట్లే యుండును. మన రేవు ముఖద్వారమున సముద్రపు టిసుక యేటేట వచ్చి చేరుచుండును. ఆ యిసుకను త్రవ్వించి రామకృష్ణా బీచివైపు పంపించుట రేవువారికి మానరాని పని. సైటును నడపువారికిని ఏడాది కొకమాఱు ఇట్టి త్రవ్వకము తప్పదు. దీనికొఱకు ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడు. ప్లగిన్ పేరు, అది చేయు పని, తగిలించిన తేదీ, తగిలించినవారి పేరు అని నాలుగు గడులు గీయుడు. మార్చి నెలలో ప్లగిన్ల పట్టికను తెఱచి ఆ పుస్తకముతో సరిచూచి, రెండవ గడిలో వ్రాయుటకు ఏమియు తోచని ప్లగినును ఆనాడే తీసివేయుడు. సైటును చూచు ఉపాధ్యాయుడు బదిలీయై వెళ్లునప్పుడు ఆ పుస్తకమును, పాస్‌వర్డులతో కూడ, ప్రధానోపాధ్యాయునకు అప్పగింపవలెను.